గొట్టం తిప్పిన చేతులు

మా తమ్ముడు తాపీమేస్త్రీ. పరంజా మీంచి పడి తలకు దెబ్బ తగిలింది. మెదడులో చేరిన నీరు బయటికి పోవడానికి తలకు చిల్లు పెట్టి సన్నటి గొట్టం వేశారు. ఆపరేషన్ బాగానే చేశారు, ఆ మాట నేను కాదనను. కళ్ళు తెరవగానే వాడు నన్ను చూసి, "ఏంటే అక్కా ఆ ఏడుపు మొహం? పడింది నేనా, నువ్వా?" అన్నాడు. వెధవ! నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

వాడికి పాలు పట్టించడానికి పొద్దున పూట నన్ను ఐసీయూలోకి రానిచ్చేవారు. సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టరుగారు శిష్యులను వెంటేసుకుని వచ్చేవారు. గొట్టం మధ్యలో చిన్న కుళాయి లాంటిది ఉంది. దాన్ని తిప్పి, సిరంజితో నీరు లాగి, వెలుతురులో పెట్టి, "ఎంత తేటగా ఉందో చూశారా?" అనేవారు. ఆ తర్వాత శిష్యుల వంతు. నువ్వు తియ్యి, ఇప్పుడు నువ్వు తియ్యి! ఒకడైతే ఫోను మాట్లాడి, జేబులో పడేసి, ఆ చేత్తోనే కుళాయి తిప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తేటగా ఉంటే రోజూ తియ్యడం ఎందుకండీ? ఆ చేతులైనా కడుక్కోరా?" అన్నాను.

"పిల్లలు నేర్చుకోవాలి కదమ్మా. మీరు కంగారు పడకండి," అన్నారాయన.

నర్సును నిలదీశాను. "ఊరికే తెరవకూడదనే మాకూ చెబుతారండీ. పెద్దసారే తెరిస్తే ఎవరు అడ్డుకుంటారు?" అంది. బయటికొచ్చి చెబితే అమ్మ నా మీదే విరుచుకుపడింది. "నోరు మూసుకోవే! అంత పెద్దాయన రోజూ వచ్చి చూడటం మన అదృష్టం. ఆయనకు కోపమొస్తే వాడి గతేంటి?"

వారం తిరక్కుండానే జ్వరం వచ్చింది. గొట్టంలో నీరు మసకబారింది. మెడ బిగుసుకుపోయి, పిలిచినా పలకడం మానేశాడు.

"మెదడుకు ఇన్‌ఫెక్షన్ వచ్చిందమ్మా. గొట్టం ఉన్నవాళ్ళకు ఒక్కోసారి వస్తుంది," అన్నారు డాక్టరుగారు.

వస్తుందట! అడ్రసు కనుక్కుని చుట్టపుచూపుగా వచ్చిందట!

"వచ్చిందా, మీరు తెచ్చారా?" అని వార్డంతా దద్దరిల్లేలా అరిచాను. సెక్యూరిటీవాడు నన్ను రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాడు.

గొట్టం మార్చారు. గట్టి మందులు ఎక్కించారు. జ్వరం తగ్గింది, వాడు మాట్లాడుతున్నాడని కబురు రాగానే లోపలికి పరుగెత్తాను. అప్పటికే శిష్యులంతా మంచం చుట్టూ మూగి ఉన్నారు.

"ఈవిడెవరో చెప్పు బాబూ," అన్నారు డాక్టరుగారు నన్ను చూపించి.

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. చాలాసేపు ఆలోచించి, "నర్సుగారు," అన్నాడు.

"చూశారా, మాట ఎంత స్పష్టంగా ఉందో!" అన్నారాయన శిష్యులతో. వాళ్ళలో ఒకడు ఉత్సాహంగా కొత్త గొట్టం మీద చెయ్యి వేశాడు.

ఆ చెయ్యి విరిగిపోయినా సరే అన్నంత గట్టిగా పట్టుకున్నాను.

"వదలండి నర్సుగారూ," అన్నాడు మా తమ్ముడు. "ఆయన డాక్టరు కదా, నా మంచికే వచ్చుంటాడు."