నడికట్టు ముడి

మా మరిది సాపర్ పెళ్ళిలో స్నేహితులు అతని నడికట్టుకి వేసిన ముడులు చూస్తే ఒంటెని కట్టేయడానికి వేసినట్టున్నాయి. కొత్త కోడలు ఓగుల్బిబి వాటిని విప్పలేక గోళ్ళు విరగ్గొట్టుకుంటుంటే చుట్టూ ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. "పళ్ళతో లాగవే!" అని అరిచింది మా అత్త. మొగుడి నడికట్టు ముడి పెళ్ళికూతురే విప్పడం మా ఆచారం, నా పెళ్ళిలో నేనూ విప్పాను. అంతవరకే నా వంతు, ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగలేదు.

సాపర్ మాత్రం ఆ పిల్లని అడిగాడు. గదిలోకి వెళ్ళాక నడికట్టు మళ్ళీ తనే ముడేసుకుని, "నీకు మనసైన రోజు నువ్వే విప్పు. అందాకా నేను అటు తిరిగి పడుకుంటా" అన్నాడట. తందూరు దగ్గర రొట్టెల పిండి పిసుకుతూ ఓగుల్బిబి ఈ సంగతి నాకు చెప్పింది.

"మరి విప్పావా?" అన్నాను.

"పత్తి తీతలు మొదలయ్యాక, అక్కా. ఇప్పుడు కూడా అంతే. ఒంట్లో బాగాలేకపోతే విప్పను. ఏమీ అనడు, కాళ్ళు నొక్కుతాడు."

"కాళ్ళు నొక్కుతాడా! నీ అదృష్టం తగలెయ్యా!"

నవ్వుతూనే అన్నాను గానీ కడుపు మండిపోయింది. అదే తల్లి కడుపున పుట్టినవాడే కదా నా మొగుడూ!

ఏడాది తిరిగింది. ఓగుల్బిబి నెల తప్పలేదు. కోడలికి మగపిల్లాడు పుట్టి అత్త నోరిప్పమనేదాకా అత్తగారి ముందూ బావగారి ముందూ తలరుమాలు కొస పళ్ళ మధ్య కరుచుకుని మాట్లాడకుండా ఉండడం మా ఇంటి పద్ధతి. ఇక మా అత్తకి అడ్డేముంది? "గొడ్డుదాన్ని తోలుకొచ్చాం. పుట్టింటికి పంపేస్తే పీడా పోతుంది" అంది టీ తాగుతూ, ఆ పిల్ల ఎదురుగానే.

సాపర్ తట్టుకోలేకపోయాడు. "గొడ్రాలు కాదమ్మా. తొందరేం లేదని నేనే అన్నాను" అని, ఆ ముడి సంగతంతా చెప్పేశాడు. పెళ్ళాన్ని కాపాడుకుంటున్నాననుకున్నాడు పిచ్చిసన్నాసి!

అత్తకి నవ్వుతో పొరపోయింది. నా మొగుడు టీ గిన్నె కింద పెట్టి, "ఏరా, నీ నడుముకి తాళం వేసి చెవి నీ పెళ్ళానికిచ్చావా?" అన్నాడు. సాయంత్రానికి ఊరంతా పాకింది. సావాసగాళ్ళు దారిలో ఆపి నడికట్టు పట్టుకు లాగేవారు. "ఈ పూటైనా సెలవిచ్చిందా?"

"మన పొట్టేలుకి కూడా ఓ నడికట్టు కట్టండర్రా, గొర్రెల్ని అడిగొస్తుంది" అంది అత్త ఓ రాత్రి టీ తాగుతూ.

అందరూ నవ్వారు. ఓగుల్బిబి గుడ్డ కరుచుకుని టీ పోస్తూనే ఉంది. సాపర్ ఒక్క మాట అని ఉండొచ్చు. అనలేదు. వాళ్ళతో కలిసి తనూ నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల తందూరు దగ్గరికి వచ్చింది. చేతిలో నడికట్టు రెండు ముక్కలుగా ఉంది.

"ఏమైందే?"

"జ్వరంగా ఉంది, రేపు విప్పుతానన్నానక్కా. వెళ్ళి గొర్రెబొచ్చు కత్తెర తెచ్చాడు."

రెండు ముక్కలూ నిప్పుల్లో పడేసింది. నేను రొట్టెలు కొడుతూ కూర్చున్నాను. అత్త మంటలో నడికట్టు ముక్కలు చూసి సంగతి గ్రహించింది. "ఇప్పటికి మగాడయ్యాడు" అని ఆ పూట కొడుకు రొట్టె మీద మీగడ దండిగా వేసింది.

వాడికి బుద్ధి రాకపోలేదు. బజారుకెళ్ళి కొత్త పట్టు నడికట్టు కొనుక్కొచ్చి ముడేసుకున్నాడు. తప్పైపోయింది, మళ్ళీ అంతా నీ ఇష్టమే అన్నాడట. ఆ మాట పూర్తి కాకముందే ఓగుల్బిబి ముడి విప్పేసింది.

"రోజూ అంతే వదినా" అని గొర్రెల దొడ్డి దగ్గర ఏడ్చాడు నా ముందు. "ఈ రోజు వద్దు, వదిలెయ్ అన్నా విప్పేస్తుంది. మొహం చూడదు, మాట్లాడదు."

"కత్తెర ఎక్కడుంటుందో దానికి తెలుసు కదయ్యా" అన్నాను. నాకు జాలి వెయ్యలేదు. ఏడవనీ అనుకున్నాను.

మరుసటి ఏడు మగపిల్లాడు పుట్టాడు. అత్త పొట్టేలుని కోయించింది. కోడలికి పట్టు శాలువా కప్పి, ఆమె పళ్ళ మధ్య నుంచి రుమాలు కొస తన చేత్తోనే తీసి, "ఇక నోరారా మాట్లాడవే నా తల్లీ" అంది. ఓగుల్బిబి మాట్లాడింది. అత్తని ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది, నా మొగుణ్ణి బావగారూ అని పిలిచింది, చుట్టాలతో పరాచికాలాడింది. ఆ గొంతు అంత బాగుంటుందని ఇంట్లో చాలామందికి అప్పుడే తెలిసింది.

ఆ గొంతు విని సాపర్ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

ఓగుల్బిబి అతణ్ణి చూసింది. మాట ఆపేసి, రుమాలు కొస తీసి మళ్ళీ పళ్ళ మధ్య కరుచుకుంది. మొగుడి ముందు అలా కరుచుకోమని మాలో ఎవరూ చెప్పరు.

"చూశారా, మొగుడంటే ఎంత భయభక్తులో!" అని మురిసిపోయింది మా అత్త.