పదిహేను ముక్కల ఆశ

పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది డిసెంబరులో, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఏమైపోతాయోనని బ్యాంకులన్నీ హడలిపోతున్నాయి. సింగపూర్లో అరుంధతి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆఫీసులో సెలవులన్నీ రద్దు చేశారు. టీములో ఒక్కరికి మాత్రం క్రిస్మస్ తర్వాత వారం రోజులు ఇస్తామన్నారు. ఆ ఒక్కరెవరో మీరే తేల్చుకోండన్నారు.

కావాలన్నవాళ్లు ముగ్గురు. అనంతపురం ఓబయ్య ఊళ్లో ఇల్లు కట్టిస్తున్నాడు, స్లాబు వేసే రోజు దగ్గరుండాలి. తారాదేవికి పెళ్లయి ఏడాదైనా మొగుడితో నాలుగు రోజులు ఎక్కడికీ వెళ్లింది లేదు. అరుంధతి మాత్రం "ఊళ్లో పనుంది" అని ఊరుకుంది.

ఆ పని ఆమె కూతురు దీక్షిత. ఏడేళ్ల పిల్ల, మెల్లకన్ను. భర్తతో విడిపోయాక అరుంధతి పిల్లను నెల్లూరులో చెల్లెలు లత దగ్గర వదిలి వచ్చింది. ఇరవై ఎనిమిదిన చెన్నైలో ఆపరేషన్. ఆ తేదీ తప్పితే డాక్టరు మళ్లీ మార్చిలో గానీ దొరకడు. కన్నబిడ్డను వదిలేసి వచ్చిందని అనిపించుకోలేక, రెండేళ్లుగా ఆఫీసులో ఎవరికీ పిల్ల ఉన్నట్టే చెప్పలేదు. ఇప్పుడు చెబితే సెలవు కోసం కథ అల్లిందనుకుంటారేమోనని బెరుకు. పైగా జనవరిలో, సింగపూర్లో ఉద్యోగం చేసుకోనిచ్చే పాసు రెన్యువల్. ఈ సమయంలో పైవాళ్ల కళ్లలో పడటమెందుకన్న దిగులు.

"చీటీలు వేస్తే ఉత్త అదృష్టమే. పేకాటైతే కాస్త బుద్ధికి కూడా పని ఉంటుంది" అన్నాడు టీము లీడర్ సుధాకరరావు. అమెరికాలో నేర్చుకున్న పోకర్‌ను చోవా చూ కాంగ్‌లోని తన ఫ్లాటులో, శనివారం మధ్యాహ్నాలు వాళ్లకు నేర్పుతున్నాడు. మనిషికి రెండు ముక్కలు, ఎవరివి వాళ్లకే కనబడతాయి. బల్ల మీద అందరికీ కలిపి అయిదు. ముందు మూడు తెరుస్తారు, తర్వాత ఒకటి, ఆఖరున ఒకటి. ఈ ఏడింటిలోంచి మేలైన అయిదు కూర్చుకున్నవాళ్లు గెలుస్తారు. పందేనికి హద్దుంది. పెంచితే రెండేసి, చివరి రెండు ముక్కల దగ్గర నాలుగేసి. డబ్బుకు బదులు కాబూలీ శనగలు. శనగలన్నీ ఎవరి దగ్గరికి చేరితే వాళ్లకే సెలవు.

ఆ శనివారం ఆట మొదలైనప్పటినుంచీ అరుంధతి ఒక్కసారీ పెంచలేదు. ఎవరెంత పెడితే అంత పెట్టి, ముక్క నచ్చకపోతే వదిలేసింది. మూడు గంటలయ్యేసరికి ఆమె ముందు పద్నాలుగు శనగలు మిగిలాయి. మళ్లీ ముక్కలు పంచారు. ముగ్గురూ తలా రెండు పెట్టారు.

ఆమెకు ఆటీను జాకీ, ఆటీను పది వచ్చాయి. బల్ల మీద ఆటీను తొమ్మిది, కళావరు ఎనిమిది, ఆటీను మూడు పడ్డాయి.

ఇంకొక్క ఆటీను పడితే అయిదూ ఆటీనులే. రాణి వచ్చినా, ఏడు వచ్చినా వరస కుదురుతుంది. లెక్కేసుకుంది: పనికొచ్చే ముక్కలు పదిహేను. ఇంకా తెరవాల్సిన రెండు ముక్కల్లో వాటిలో ఏదో ఒకటి తగలడానికి సగంకన్నా కాస్త ఎక్కువే వీలుంది. కానీ ఈ క్షణాన చేతిలో ఒక జత కూడా లేదు.

ఓబయ్య రెండు పెట్టాడు. తారాదేవి కూడా పెట్టింది. ఇద్దరూ ఆమె వైపు చూశారు.

ముక్క వచ్చాక పెంచుదామంటే అప్పటికి ఎవరూ నిలబడరని సుధాకరరావు ఎన్నోసార్లు చెప్పాడు. వచ్చే వీలు ఎక్కువున్నప్పుడే, ఎదుట ఇద్దరుండగానే పెంచాలి.

"నాలుగు" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఏమక్కా, ఈ పొద్దు ఏందో గట్టిగుండావే" అన్నాడు ఓబయ్య. ఇద్దరూ నాలుగుకు సరిపెట్టారు.

నాలుగో ముక్క ఇస్పేటు రెండు. ఎందుకూ కొరగాదు. మిగతా ఇద్దరూ పందెం వెయ్యకుండా ఊరుకున్నారు. తానూ ఊరుకుంటే చివరి ముక్క ఊరికే చూడొచ్చు. అయినా అరుంధతి నాలుగు శనగలు ముందుకు తోసింది. ఓబయ్య ఎనిమిది చేశాడు. తారాదేవి ముక్కలు పారేసింది. అరుంధతి దగ్గర మిగిలినవి నాలుగే. అవీ పెట్టేసింది.

సుధాకరరావు చివరి ముక్క తిప్పాడు. డైమన్ రాజు. అదీ ఎందుకూ పనికిరాదు.

ఓబయ్య దగ్గర ఆసు, తొమ్మిది. తొమ్మిదుల జత చాలు. గంట తర్వాత తారాదేవి శనగలు కూడా అతనివే అయ్యాయి.

"నువ్వు తప్పేం ఆడలేదమ్మా" అన్నాడు సుధాకరరావు. "మళ్లీ అదే చెయ్యి వస్తే, మళ్లీ అలాగే ఆడు."

మళ్లీ అన్నది ఎక్కడుందని? ఇంటికి వెళ్లే రైల్లో ఆమెకు ఒకటే ఆలోచన. లతకు ఏం చెప్పాలి? పిల్లకు ఏం చెప్పాలి? ఆదివారమంతా అన్నం సహించలేదు. సోమవారం పొద్దున, ఇంకెవరూ రాకముందే, డైరెక్టర్ మిసెస్ లిమ్ గది తలుపు తట్టింది.

"సెలవు ఓబయ్యకని విన్నానే" అంది మిసెస్ లిమ్.

"అది అతనిదే. నాకు మూడు రోజులు చాలు. మా అమ్మాయికి కంటి ఆపరేషన్."

"నీకు అమ్మాయుందా?"

"ఏడేళ్లు."

మిసెస్ లిమ్ క్యాలెండరు తిరగేసింది. "ముప్పయ్యో తేదీ ఎనిమిదింటికి నీ కుర్చీలో ఉండాలి. లేకపోతే నీ పాసు కాగితాల మీద నేను సంతకం చెయ్యలేను."

అరుంధతి ఇరవై ఏడున చెన్నై చేరింది. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. కంటికి ఇంకా కట్టు ఉండగానే, కొంగు పట్టుకున్న పిల్ల వేళ్లు ఒక్కొక్కటీ విడిపించుకుని తిరుగు విమానం ఎక్కింది. ముప్పైన ఎనిమిదికి పది నిమిషాల ముందే కుర్చీలో కూర్చుంది.

పదకొండింటికి లత ఫోన్ చేసింది. "కట్టు విప్పారక్కా. ఇదిగో, మాట్లాడు."

"కళ్లు రెండూ తిన్నగా ఉన్నాయా చిట్టీ? అమ్మ వైపు చూస్తే..."

"నువ్విక్కడ లేవుగా" అంది దీక్షిత.

పిల్ల ఏదో చెబుతూనే ఉంది, అద్దంలో చూసుకున్నాననీ, ఇంకా ఎర్రగా ఉందనీ. పక్క సీటులోంచి తారాదేవి వంగి, "ఎవరే, ఏడుస్తున్నావేం?" అంది.

"మా అమ్మాయి" అంది అరుంధతి, అందరికీ వినబడేలా.