ప్యాచ్ కింద పేరు

"ఏటే, ఇంకా ఆ కంప్యూటర్ పెట్టె ముందేనా? పటోల్ గీకీసి అప్పుడు కూర్చో. అదేటి పారిపోదు కదా!" అంది మా అత్తగారు.

సరేనని వంటింట్లో, దొండకాయల్లాంటి ఆ కలకత్తా కాయల చెక్కు గీకుతున్నాను. ఒళ్ళు మండుతోంది. ఆరు వారాలు వెతికి పట్టుకున్నాను ఆ లోపాన్ని. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లో రెండు పనులు చెరో తాళం పట్టుకుని, ఎదుటిదాని తాళం కోసం చూస్తూ ఎప్పటికీ నిలబడిపోతాయి. మెషీన్ బిగుసుకుపోతుంది. గిట్టనివాడెవడైనా నాలుగు వరసల ప్రోగ్రాంతో ఎంత పెద్ద సర్వర్‌నైనా ఆపేయొచ్చు. రెండు పనులూ తాళాలను ఒకే క్రమంలో తీసుకునేలా నేను మార్చాను. "ఇద్దరం ఆఫీసులని సెక్టర్ ఫైవ్‌కి పరిగెడితే పాపనెవరు చూస్తారు?" అని మా ఆయన నా ఉద్యోగం మానిపించిన ఇంట్లోనే, పాప స్కూలుకెళ్ళిన గంటల్లో కూర్చుని మార్చాను.

శుక్రవారం నా భర్త సాయి కిరణ్ ఆ దిద్దుబాటుని, అదే ప్యాచ్‌ని, కెర్నెల్ చూసుకునేవాళ్ళకి తన పేరుతో పంపేశాడు. ఇది నేనే రాశాను, దీనికి నాదే పూచీ అని ప్రతి ప్యాచ్ కిందా రాసినవాళ్ళు పేరు పెడతారు. అక్కడ తన పేరు పెట్టుకున్నాడు. అడిగితే, "ఒకే ఇల్లు కదా, ఎవరి పేరైతే ఏంటి? నాకైతే ప్రమోషన్‌కి పనికొస్తుంది," అన్నాడు. "మొగుడికి సాయం చేస్తే నీ సొమ్మేటి పోయింది?" అని అత్తగారి వంత.

ఇప్పుడు లాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకే వచ్చాడు.

"సౌజన్యా, దీన్ని పరిశీలించేవాళ్ళు ఏదో అడుగుతున్నారు. మధ్యలో మెమరీ దొరక్కపోతే మొదటి తాళం ఎందుకు వదలడం లేదట? ఏం రాయాలో తొందరగా చెప్పు, కాపీలో మా బాస్ కూడా ఉన్నాడు."

అతను పంపింది నా మంగళవారం చిత్తుప్రతి. ఆ తప్పు నేను బుధవారమే దిద్దుకున్నాను. దొంగిలించినందుకంటే, పూచీ నాదని పేరు పెట్టేముందు పది వరసలైనా చదవనందుకు నాకు ఎక్కువ కోపం వచ్చింది. నా ఆరు వారాల విలువ అతని దగ్గర అంతే.

చేతులు కడుక్కుని నా మెషీన్ ముందు కూర్చున్నాను.

"నా మెయిల్ తెరువు," అన్నాడు వెనక నిలబడి.

నాది తెరిచాను; అందరికీ వెళ్ళే ఆ చర్చ మెయిల్ నాకూ వచ్చింది. "మీరు చూపిన తప్పు నిజమే. అది నా పాత చిత్తుప్రతి, నన్నడగకుండా పంపినది. సరిచేసినది జతపరుస్తున్నాను. రాసింది నేను, పూచీ నాది," అని రాసి, కింద లక్ష్మీసౌజన్య అని పూర్తి పేరు పెట్టాను.

"పిచ్చా నీకు? మా బాస్ చూస్తాడే!"

"చూడాలనే ఆయన్ని కాపీలోంచి తీసెయ్యలేదు," అని పంపేశాను.