పదిహేడు బూడిద మచ్చలు

గుమ్మడికాయల వరద వచ్చిన ఏడు అది, ఎగువన ఎవరి చేలలోవో ఏమో, వందల కాయలు దొర్లుకుంటూ ఒహాయో నదిలో కొట్టుకుపోయాయి, నేను ఒడ్డున నిలబడి ఒక్కటీ పట్టలేదు, పట్టినా వండే మనిషి లేదు, కెజాయా అప్పటికి పదకొండు రోజులుగా మంచం మీద ఉంది, కాళ్ళు దుంగల్లా వాచాయి, వేలితో నొక్కితే ఆ గుంట అలాగే ఉండిపోతోంది, నా భార్య పగటిపూట పడుకోవడం ఇన్నేళ్ళలో నేను చూసింది రెండేసార్లు, ఒకటి ఇది, ఇంకొకటి మా ఏసా పుట్టినప్పుడు, ఏసా పుట్టిన వారంలోనే మా పెద్దది టాబిథా పోయింది, నాలుగేళ్ళది, కోరింత దగ్గుతో, ఆ వైపు పోకూడదనుకుంటాను, మనసు అటే పోతుంది, ఏరు దిగువకి పోయినట్టు.

ఇంట్లో పొరుగామె హల్డా పొయ్యి దగ్గర కూర్చుని ఏదో వేరు కాస్తోంది, నన్ను చూసి, ఏంటన్నా ఆ మొహం, పోయేది వదినా నువ్వా అంది, ఆ మాటకి మంచం మీదనుంచి కెజాయా నవ్వింది, ఈయన మొహం పెళ్ళినాడూ అంతేనే, శవానికి చొక్కా తొడిగి తీసుకొచ్చారేంటర్రా అన్నాడు మా నాన్న, అంటూ దగ్గింది, దగ్గు ఆగాక నన్ను దగ్గరికి పిలిచింది, ఏమయ్యా, ఇలా కూర్చో, నన్ను టాబీ పక్కన పెట్టాలి, సరేనా, సరే అన్నాను, సరే అంటే చాలదు, రేపు నువ్వు గొయ్యి తవ్వేటప్పుడు పార దానికి తగిలిందంటే నేను ఊరుకోను, అందుకే నాకు ఊపిరుండగానే తవ్వి చూడు, ఎక్కడ తల, ఎక్కడ కాళ్ళు, చూసొచ్చి చెప్పు, నా తగరపు చెంచా దాని చేతిలో పెట్టి పంపాను కదా, ఆ చెంచా లేకపోతే జావ తాగేది కాదు, అది మట్టిలో పోయే లోహం కాదు, బిడ్డని కదపకు, చెంచా ఒక్కటే తీసుకురా, పట్టుకుని పోతాను, అంది, నేను లేచి పార తీసుకున్నాను, ఇంకేం చెయ్యాలి.

టాబిథా పోయినప్పుడు ఈ నేలంతా అడవి, ఆ చలికాలమంతా చెట్లు కొట్టి దుంగలు పోగులు పెట్టాం, పదిహేడు పోగులు, నాలుగెకరాల నిండా, కెజాయా పురిటి మంచం మీద ఉంది, పోయిన బిడ్డని నాకు అందించి గోడ వైపు తిరిగింది, తోడేళ్ళు అంతకు ముందు నెలే వాగు అవతల ఒక పసివాడి గోతిని తోడేశాయి, వాళ్ళమ్మ చూసింది, అందుకని ఆ రోజుల్లో మేమందరం ఒకటే చేసేవాళ్ళం, దిబ్బ పోసేది లేదు, గుర్తు పెట్టేది లేదు, నేల చదును చేసి పైన దుంగలు దొర్లించి నిప్పు పెడితే వాసన అందదు, నేనూ అదే చేశాను, మిగతా పోగులూ ఆ రోజే అంటించాను, ఏది ఏదో మనిషికి గానీ మృగానికి గానీ తెలియకూడదని, మూడు రోజులు కాలాయి, నాలుగో రోజు వాన, వాన వెలిశాక వెళ్ళి చూస్తే పదిహేడు నల్లటి మచ్చలు, అన్నీ ఒకటే గుండ్రం, వాగు నుంచి మూడోదా, ఇంటి నుంచి మూడోదా, నేను మూడోది అనుకున్న మాట మాత్రం గుర్తుంది, పదో రోజున ఏసాని చంకనేసుకుని కెజాయా గుమ్మం దాటి వచ్చింది, ఎక్కడయ్యా, చూపించు, అంది, నా చెయ్యి చేను చివరి అడవి ఆపిల్ చెట్టు వైపు లేచింది, అక్కడ బూడిద కూడా లేదు, అక్కడ నాగలి పోదు కాబట్టి చెయ్యి అటు వెళ్ళింది.

ఆ చెట్టు కిందే ఇప్పుడు మోకాలి లోతు తవ్వాను, వరద తడికి మట్టి మెత్తగా లేస్తోంది, ఎన్నడూ మనిషి చెయ్యి తగలని ఎర్రమట్టి, వేళ్ళు, వానపాములు, చుట్టూ ఆమె వాగులోంచి మోసుకొచ్చి పేర్చిన బల్లరాళ్ళు, నా చొక్కా లోపల ఒక చెంచా ఉంది, బయల్దేరేటప్పుడు హల్డా చూడకుండా అటక మీద నుంచి తీసింది, దానిదీ ఆ చెంచాదీ ఒకటే అచ్చు, మట్టి పూసి, రాయితో రెండు గీతలు గీసి ఇస్తే సరి, ఆమె చెయ్యి మూస్తుంది, కళ్ళు మూస్తుంది, ఎవరికి నష్టం, మట్టి పూశాను, గీతలూ గీశాను, బాగానే కుదిరింది, అంత బాగా కుదరడం చూసి చెంచా మళ్ళీ చొక్కాలో దోపేశాను, బిడ్డ పోయిన ఏడో ఏడాది దుక్కి సంగతి ఒకటి ఉంది, అది ఎవరికీ చెప్పలేదు, ఆ దుక్కిలో నాగలి కర్రుకి నీలం పూసలు తగిలాయి, మాకంటే ముందు ఈ నేల మీద ఉన్న షానీ జనానివి, వాళ్ళూ ఎవరినో ఇక్కడే పెట్టుకున్నారు, వాళ్ళని వెళ్ళగొట్టినప్పుడు వాళ్ళ తల్లులు ఏ చెట్టు వైపు చూసుకుంటూ వెళ్ళారో, పూసలు వాగులో పారేశాను, ఇంకో పది అడుగుల తరవాత వేలెడు ఎముక తేలింది, తెల్లగా, సన్నగా, వాగు నుంచి మూడో మచ్చ ఉండిన చోటుకి దగ్గరగానే, దుప్పి పిల్లది అనుకున్నాను, పైకే అన్నాను, దుప్పి పిల్లది, ఎద్దుని అదిలించి సాగిపోయాను, ఆ ఏడు మొక్కజొన్న బాగా పండింది, కెజాయా జావ కాచింది, ముగ్గురం తాగాం.

ఇంటికొచ్చి, చెంచా తుడిచి అటక మీద పెట్టేసి మంచం దగ్గర కూర్చున్నాను, ఆమె అరచెయ్యి చాచింది, ఏదీ, అంది, లేదు అన్నాను, అక్కడ లేదు కెజాయా, ఎప్పుడూ లేదు, ఎక్కడ పెట్టానో నాకు తెలియదు, చేలో ఎక్కడో, హల్డా గరిట ఆపేసింది, కెజాయా చెయ్యి చాచిన చోటే ఉంచింది, ముప్పై ఒక్క ఏళ్ళయ్యా, అంది, ముప్పై ఒక్క ఏళ్ళు ఆ చెట్టుకి నీళ్ళు పోశానా, ఆ రాళ్ళు నేను మోస్తుంటే వెనకే నడిచావు, జారుతుంది జాగ్రత్త అన్నావు, అవును, అన్నాను, ఎముక సంగతి కూడా చెప్పాను, అది ఎందుకు చెప్పావన్నా అంది హల్డా నెమ్మదిగా, తోడేలు నయం, అంది కెజాయా, తోడేలైతే తవ్వి చూపించేది, అని గోడ వైపు తిరిగింది, ఇక ఆ రోజు నా చేతి నీళ్ళు పుచ్చుకోలేదు, హల్డా చేతివి తాగింది.

పొయ్యి ముందు కూర్చున్నాను, మరిచిపోయాను అని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను, కానీ నాలుగెకరాలు ఎంతని, ముప్పై ఒక్క సార్లు దున్నాను, ప్రతి గజమూ నా కాలికి తెలుసు, ఒక్కసారైనా నాగలి ఆపి పార వెయ్యలేదు, ఆ ఎముక దగ్గర కూడా వంగలేదు, నేను చోటు మరిచిపోలేదు, వెతకలేదు.

మరునాడు పొద్దున ఆమె ఇంకా బతికే ఉంది, మంచం మీద నుంచి ఆమెకి చేను కనపడేలా తలుపు తీసి ఉంచమని హల్డాకి చెప్పి, పార తీసుకుని చేలోకి దిగి, వాగు నుంచి మూడో మచ్చ ఉండిన చోట తవ్వడం మొదలుపెట్టాను.