పుల్లలొద్దన్న షియోమి గారు

మా వీధికి పెద్ద మనిషి షియోమి గారు. ఆ సంగతి ఆవిడ నోట వినడమే తప్ప ఇంకొకరు అనగా నేను వినలేదు. భర్త ఒకప్పుడు బ్యాంకు మేనేజరు. ఆయన రిటైరై తొమ్మిదేళ్లయినా ఆవిడ ముక్కు మాత్రం ఇంకా కిందికి దిగలేదు. ఆ ముక్కుకే మా ఇమజెకి కొట్టు నూనె వాసన పడలేదు.

ఆ కొట్లో పద్నాలుగేళ్లుగా అన్నం, కూర సర్దిన బెంటో డబ్బాలు అందించేది నేనే. అమగసాకి పట్నంలో మా పేటకి అదే వంటిల్లు. ఫ్యాక్టరీకి పోయేవాళ్లూ, ఒంటరి ముసలివాళ్లూ, పొయ్యి వెలిగించడానికి ఒళ్లు వంగని ఇల్లాళ్లూ అందరూ మా అన్నం, బంగాళాదుంప ముద్దని నూనెలో వేయించిన మా కొరొక్కెలు పట్టుకెళ్లి తినేవాళ్లే. కొట్టు పేరు చెప్పడానికి మాత్రం అందరికీ నామోషీ, అందుకే పేరున్న డబ్బా కనబడకుండా సంచిలో పెట్టిస్తాను.

పొగని బయటికి తోసే ఫ్యాను తీయించేయాలని షియోమి గారు వీధి సంఘంలో అర్జీ పెట్టింది. ఫ్యాను లేకపోతే మూకుడు పెట్టలేం, మూకుడు లేకపోతే కొట్టే లేదు. డెబ్భై నాలుగేళ్ల ఇమజెకి పెద్దాయనకి వేయించడం తప్ప ఇంకో విద్య రాదు. ఆదివారం మధ్యాహ్నం సంఘం చేతులెత్తి తేల్చేస్తుందన్నారు.

ఆ ఆదివారం పొద్దున్నే ముఖానికి మాస్కూ, కళ్ల దాకా టోపీతో ఒకావిడ వచ్చింది. వేషం మారినా ముక్కు దాగుతుందా?

"పది డబ్బాలివ్వు. మా ఇంట్లో వడ్రంగులకి."

ఆదివారం పూట వడ్రంగులట!

"తినడానికి పుల్లలు ఎన్ని జతలు పెట్టమంటారు?" అన్నాను. మా కొట్లో అందరినీ అడిగే మాటే అది.

"పుల్లలొద్దు."

"వడ్రంగులు చేత్తో తింటారా అమ్మగారూ?"

"వాళ్ల దగ్గరుంటాయిలే. నీకెందుకమ్మా, కట్టివ్వు."

సాసు పొట్లాలూ వద్దంది. అప్పుడే అర్థమైంది నాకు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా!

మధ్యాహ్నం పెద్దాయనతో నేనూ వెళ్లాను. సంఘం గదిలో షియోమి గారు మూడంతస్తుల నల్ల లక్క పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. "తెల్లారుజామున లేచి వేయించానండీ. ఇంట్లో చేసినవి, రుచి లేకపోతే క్షమించాలి" అంటూ మూత తీసింది.

కొరొక్కెలు పొందిగ్గా సర్దింది. వాటి మధ్య పచ్చటి ఆకులు కూడా సర్దింది. మిగతా కొట్లలో డబ్బాలో అలంకారానికి ప్లాస్టిక్ ఆకు పెడతారు. మా పెద్దాయన మాత్రం పెరట్లో మొక్క ఆకు కోసి, చాకుతో మూడు కొండల్లా కత్తిరిస్తాడు. ఆయన బొటనవేలు వంకర కాబట్టి నడిమి కొండ ఎప్పుడూ ఎడమకి ఒరుగుతుంది. ఆకు ఉంటే ఇంటి వంటలా కనబడుతుందని ఆ మహాతల్లి వాటినీ ఉంచేసింది. పది ఆకుల్లోనూ నడిమి కొండ ఎడమకే ఒరిగి ఉంది.

గదిలో అందరూ చూశారు. అవి మా కొట్టు ఆకులని అందరికీ తెలుసు. సంఘం అధ్యక్షుడు నొమగుచి టీ కప్పులోకి చూశాడు, ఆయన భార్య చాప కేసి చూసింది. పిల్లల ఆటల పండగలో ఆ నొమగుచి భార్య తన వంటేనని విప్పిన "ఇంటి భోజనం" కట్టింది నేనే కదా. అందరూ తేలు కుట్టిన దొంగలే. ఈ పిరికి గుంపా మా కొట్టు బతుకు తేల్చేది అని ఒళ్లు మండిపోయింది.

"ఇన్ని వేయించారు కదా అమ్మగారూ, ఇల్లంతా నూనె వాసన కొట్టలేదా?" అన్నాను.

"మా ఇంట్లో వాసనెందుకు కొడుతుంది?"

"అయితే అదేం నూనో మా పెద్దాయనకి కాస్త చెప్పండి. అర్జీతో పనే ఉండదు."

వెనకెవరో కిసుక్కుమన్నారు. షియోమి గారి ముఖం పాలిపోయింది. ఆవిడ పెద్దాయన వైపు చూసింది. ఆయన ఒక కొరొక్కె తీసుకుని నెమ్మదిగా నమిలాడు.

"బాగుందండీ. ఒక్క క్షణం ముందు మూకుట్లోంచి తీయాల్సింది" అన్నాడు, తప్పు తనదే అన్నట్టు.

"అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను" అంది షియోమి గారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. పెట్టె మాత్రం ఖాళీ చేశారు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ మాస్కు లేకుండా వచ్చింది. ఒక్క డబ్బా అడిగింది.

"పుల్లలు?"

చేతిలో చిల్లర లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టింది. "ఒక్క జత" అంది చివరికి. "మా ఆయన ఇంట్లో తిని ఏడాదైంది."

నా చెయ్యి సంచుల మీదికి వెళ్లింది. పద్నాలుగేళ్ల అలవాటు. కానీ ఆ ముక్కు, ఆ అర్జీ గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

"సంచులు అయిపోయాయండీ" అన్నాను.

ఆవిడ పుల్లల జతని డబ్బా మీద పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని, అందరి గుమ్మాల ముందునుంచీ నడిచి వెళ్లింది.

"ఫుసాయె, సంచుల కట్ట నీ చేతి కిందే ఉంది కదే?" అన్నాడు పెద్దాయన మూకుడు దగ్గరినుంచి.

"చూడలేదు పెద్దయ్యా" అన్నాను.