ఆరు నెలల చీటీ

చొక్కాకు పంపుతో గాలి పట్టించి, మూతి బిగించి, చెవి దగ్గర పెట్టుకుని వింది మడతలమ్మ. విమానంలో సీటు కింద ఉండి, నీళ్లలో పడితే మనిషిని తేల్చే పసుపుపచ్చ రబ్బరు చొక్కాలవి. గాలి నింపి రాత్రంతా వేలాడదీసి, పొద్దున్నకు కుంగకపోతే మడిచి సంచిలో పెట్టడం ఆవిడ పని. రబ్బరు అంటుకోకుండా చల్లే పౌడరుకు వేళ్లు తెల్లబడి, గోళ్లు అరిగిపోయాయి. ఇంట్లో దుప్పటి మడిచినా అంచుకు అంచు కలవాల్సిందే. "ఏదో రోజు నన్నూ మడిచి బీరువాలో పెడుతుంది" అనేవాడు మొగుడు, బతికున్నన్నాళ్లూ. ముప్పై ఏళ్లలో ఆవిడ విమానం ఎక్కిందీ లేదు, సముద్రంలో కాలు తడిపిందీ లేదు.

మహమ్మారి దెబ్బకు షెడ్డులో ఎనిమిది మంది కాస్తా ఆవిడ ఒక్కతే అయింది. తనిఖీ గడువును ఆరు నెలలు పొడిగిస్తూ పైనుంచి మినహాయింపు వచ్చింది. మేనేజరు మాస్కు సర్దుకుంటూ ఆ ఉత్తర్వునూ, చొక్కాలకు అంటించాల్సిన కొత్త గడువు చీటీల కట్టనూ బల్లమీద పెట్టాడు.

"ఇక గాలి కొట్టడాలు ఆపండమ్మా. చీటీలంటించి పంపేయండి. రేపు మూడు విమానాలు కదలాలి."

"ఉత్తర్వులో రెండో పేజీ చదివారా సార్?"

చదవలేదని ఆయన మొహమే చెప్పింది. పది చొక్కాలకు ఒకటి చొప్పున గాలి పట్టించి చూసి, నిలిస్తేనే చీటీ అంటించాలని అందులో ఉంది.

"అంత టైమెక్కడిది? చూసినట్టు సంతకం పెట్టేయండి."

మడతలమ్మకు ఒళ్లు మండింది.

"మీరు గడువు పెంచారని రబ్బరు ఊరుకుంటుందా? నా సంతకం నమ్మి నీళ్లలో దూకేవాళ్లెవరో నాకు తెలీదు. తెలీనోళ్లకి అబద్ధం చెప్పలేను సార్."

"అయితే రేపట్నుంచి రాకండి. సంతకం పెట్టేవాళ్లు దొరక్కపోరు."

"దొరుకుతారు. ముందు దీని సంగతి చూడండి."

చేతిలోని చొక్కాకు ఒక చీటీ అంటించి, తీసుకెళ్లి ఆయన గదిలో కుర్చీకి తొడిగింది. చెవికి ఏ చప్పుడూ దొరకలేదు గానీ, సన్నచిల్లు చెవికి దొరకదని, తెల్లారేదాకా ఆగితేనే బయటపడుతుందని ఆవిడకు తెలుసు. ఆప్రాన్ విప్పి, అంచుకు అంచు కలిపి మడిచి, బల్లమీద పెట్టింది. వెనక్కి చూడకుండా గేటు దాటింది.

మర్నాడు ఆవిడ రాలేదు. సంతకం పెట్టే కొత్తమనిషిని వెంటబెట్టుకుని మేనేజరు గది తలుపు తీశాడు. కుర్చీలో ఆ చొక్కా భుజాలు వాల్చేసి, పొట్ట లోపలికి పోయి చతికిలబడి ఉంది; దాని గుండెమీద ఆరు నెలల చీటీ, అందులో సంతకం గడి ఖాళీగా.