కోపం నరం

నేను ఒక గుండెగొట్టాన్ని. చదువుకున్నవాళ్లు స్టెతస్కోపు అంటారు, నోరు తిరగనివాళ్లు టెతస్కోపు అంటారు, రేవు పిల్లలైతే డాక్టరమ్మ మెళ్లో పాము అంటారు. ఏ పేరుతో పిలిచినా పలుకుతాను, నాకా పట్టింపులు లేవు. అక్షరమ్ముక్క రాదు నాకు. వినడం ఒక్కటే వచ్చు. విన్నది మాత్రం ఒక్కటీ మర్చిపోలేను, అదీ నా ఖర్మ.

పుట్టింది ఎక్కడో పొగగొట్టాల ఊళ్లో. స్టీలు బిళ్ల పోసి, దాని ముఖాన పలచటి పొర బిగించి, నల్లటి గొట్టం తగిలించి డబ్బాలో పడుకోబెట్టారు. నన్ను మొదట మెళ్లో వేసుకున్నది జిల్లా ఆసుపత్రి పెద్ద డాక్టరు నరసింగరావు గారు. మహా కోపిష్ఠి. పిల్ల డాక్టర్లు రోగి దగ్గరికి రాగానే నాకోసం చెయ్యి చాపితే ఆ చేతి మీద ఒక్కటిచ్చేవాడు. "ఇది చెవిలో పెట్టుకోగానే కళ్లు మూసుకుపోతాయిరా మీకు. ముందు మనిషిని చూడండి. గోళ్లు చూడండి, మెడ చూడండి, కాళ్లకి నీరుందేమో నొక్కండి. నాడి పట్టుకోండి. గుండె మీద అరచెయ్యి వెయ్యండి. ఆఖర్న వినండి" అనేవాడు. ఆఖర్న అన్నందుకు నాకు కొంచెం చిన్నతనమే అనిపించేది గానీ, ఆయన చెప్పింది నిజం.

ఆయన దగ్గర ఎన్ని గుండెలు విన్నానో! బాగున్న గుండె లబ్ డబ్, లబ్ డబ్ మని తన పని తాను చేసుకుపోతుంది, మనతో మాట్లాడదు. చెడినదే మాట్లాడుతుంది. లోపలి తలుపు బిగుసుకుపోయిన పిల్లకి దూరంగా బండి దొర్లినట్టు గుడగుడ. తలుపు సరిగ్గా మూతపడని ముసలాయనకి చాటతో చెరిగినట్టు సుయ్‌మని ఊదుడు. అలిసిపోయిన గుండెకి రెండడుగుల మధ్య మూడో అడుగు పడుతుంది, గుర్రం దౌడు తీసినట్టు. ఇంతేసి రాగాలు తీసే గుండెని పట్టుకుని ఈ మనుషులు "రాయిరా వాడి గుండె" అని ఎలా అంటారో నాకిప్పటికీ అర్థం కాదు.

పెద్దాయన కొలువు చాలించినప్పుడు నన్ను శిష్యురాలు హేమసుందరి మెళ్లో వేసి వెళ్లిపోయాడు. ఆ అమ్మాయికి ఉద్యోగం చేపల రేవు పక్క ఆసుపత్రిలో వచ్చింది. అక్కడికెళ్లాక గానీ తెలియలేదు నాకు, మనుషులు ఒకరినొకరు ఎన్ని రకాలుగా చీల్చుకోగలరో. తెడ్డు దెబ్బకి పగిలిన దవడలు, చేపల కత్తికి తెగిన వేళ్లు, సీసా దింపిన కడుపులు. పొద్దున కొట్టుకుని సాయంత్రం పక్కపక్క మంచాల మీద బీడీ పంచుకునేవాళ్లు.

ఆ ఊళ్లో మెడ పక్కనుండే లావు నరాన్ని కోపం నరం అంటారు. పడవల మీద గాలికి ఎదురు అరిచి అరిచి అందరికీ అది తాడులా లేచే ఉంటుంది. "ఆడి కోపం నరం పొంగినాది, జాగర్త" అంటారు. మాట మంచిదే. ఆ మాటే ఒక ప్రాణం తీసేదాకా వచ్చింది, ఆ సంగతే చెబుతున్నాను.

సముద్రంలో చేపల వేట మీద నిషేధం ఎత్తేసిన రోజది. రేవులో పడవలన్నీ ఒక్కసారి బయల్దేరాలి. ఐసు ఫ్యాక్టరీలో ఒక మిషను చెడి, ఐసు సగానికి సగమే ఉంది. వరసలో ముందు నూకరాజు, వెనక అతని భార్య తమ్ముడు తాతీలు. బావ బుట్టలో పడాల్సిన గడ్డని బామ్మర్ది తన బుట్టలోకి లాక్కున్నాడు. బావ పారెత్తి నెత్తి మీద మోదాడు. బామ్మర్ది చేతిలో ఐసు పొడిచే చువ్వ ఉంది, జానెడు పొడుగు, సూదిమొన. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బావ ఎడమ రొమ్ములో దింపి లాగేశాడు.

తాతీలుని నలుగురు మోసుకొచ్చారు. నెత్తి తోలు చీలి కళ్లమీదికి వేలాడుతోంది, మొహం ఆనవాలు లేదు, మోసినవాళ్ల మోచేతుల నుంచి నెత్తురు ధార కట్టి గచ్చంతా జారుడు. వెనకే నూకరాజు అన్న. పేరు దేముడు. వస్తూనే చేత్తోనే కిటికీ అద్దం బద్దలుకొట్టి, ఆ గాజు పెంకుతోనే లోపలికి దూకాడు. "ఏడ్రా ఆడు! నా తమ్ముడి మీద సెయ్యేసినోడి పేగులు తీసి సముద్రానికి ఏసేత్తాను!" ఇద్దరు కానిస్టేబుళ్లు అతన్ని గోడకి అదిమిపట్టారు. అతని అరచేతి నుంచి కారిన నెత్తురు వాళ్ల చొక్కాల నిండా పులిమాడు.

ఈ గోలలో నూకరాజు తన కాళ్ల మీద తనే నడిచొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. బనీను మీద తమలపాకు ఉమ్మి పడ్డంత మరక. అంతే.

అతని భార్య పైడితల్లి పక్కన నిలబడి దులిపేస్తోంది. "సిగ్గునేదేటి నీకు? ఐసుగడ్డ కోసం మా తమ్ముడి బుర్ర సీరేసినావు! సూడు నీ మెడ, కోపం నరం పాములాగ పొంగిపోనాది. ఇంకా సల్లారనేదా?"

నూకరాజు బల్ల అంచుని రెండు చేతులా పట్టుకున్నాడు.

గోడ దగ్గర కానిస్టేబుల్ ఒకడు అన్నాడు: "మేడమ్, సూది గాటేగా వీడిది. స్టేషన్‌కి తీసుకుపోతాం. ఇంకా కోపంతో ఊగిపోతున్నాడు, ఇక్కడుంటే వీడూ వీడన్నా కలిసి ఆ తాతీలుని చంపేస్తారు."

మా డాక్టరమ్మ తాతీలు నెత్తి కుడుతోంది. నెత్తురు కళ్లనే కాదు, బుద్ధినీ కమ్మేస్తుంది. గదిలో ఉన్నవాళ్లంతా కారే నెత్తురు వైపే చూస్తున్నారు. తల తిప్పకుండానే అడిగింది, "రూతమ్మా, ఆ బల్ల మీదాయన బాగా అరుస్తున్నాడా?"

నర్సు రూతమ్మ చూసి చెప్పింది. "లేదమ్మా. మూతి బిగించుకు కూర్చున్నాడు. నరం చూస్తే మాత్రం బాబోయ్, ఇంకా మరుగుతున్నాడు."

డాక్టరమ్మ సూది ఆగింది. "అరవని మనిషికి నరం ఎందుకు పొంగింది?"

కుట్టు రూతమ్మకి అప్పజెప్పి ఇటొచ్చింది. ముందు మొహం చూసింది. పెదాలు బూడిదరంగు, నుదుట చల్లటి చెమట. నిటారుగా కూర్చున్న మనిషికి కోపం నరం దవడ దాకా నిండి ఉంది. నాడి పట్టుకుంది. ఊపిరి వదిలినప్పుడు వేలి కింద సన్నగా కొట్టుకుంటోంది, పీల్చినప్పుడు మాయమైపోతోంది. బీపీ పాదరసం జారి జారి ఎనభై దగ్గర గానీ పలకలేదు. అప్పుడు నన్ను పెట్టింది. ఊపిరితిత్తుల్లో రెండు పక్కలా గాలి ఆడుతోంది. గుండె మీదికి జరిపింది.

అమ్మా, ఏం చెప్పను! పరుపుల కింద తొక్కిపెట్టిన మనిషి మూలుగులా ఉంది. లబ్ ఎక్కడో, డబ్ ఎక్కడో. నేను వింటూండగానే ఇంకా అడుక్కి పోతోంది.

గుండె చుట్టూ సంచీ ఒకటుంటుంది. చువ్వ చేసిన బెజ్జంలోంచి నెత్తురు బయటికి రాకుండా ఆ సంచీలో నిండి, గుండెని పిడికిట్లో పిసికినట్టు పిసుకుతోంది. లోపలికి చోటు లేక, పైనుంచి రావాల్సిన నెత్తురు మెడలో నిలిచిపోయింది. కోపమూ లేదు, గీపమూ లేదు. ఆ మనిషి అంతమంది మధ్య కూర్చుని చప్పుడు చెయ్యకుండా చచ్చిపోతున్నాడు.

"పడుకోబెట్టండి! పెద్ద సూది! అంబులెన్సుకి చెప్పండి, పెద్దాసుపత్రికి పంపాలి. ఇలాగే పంపితే చేరేదాకా బతకడు." పైడితల్లి వేళ్లు లాగి మొగుడి మణికట్టు మీద పెట్టింది. "ఇది కొట్టుకోవడం ఆగితే గట్టిగా కేకెయ్యి. ఇంకేం చూడకు."

నన్ను మళ్లీ మెళ్లో వేసుకుని, రొమ్ముల మధ్య ఎముక కొస కింద సూది గుచ్చి, ఎడమ భుజం వైపు తోస్తోంది. అదీ దేముడు చూసింది.

"పోటు తిన్నోణ్ని మల్లీ పొడుత్తాదేటిది! సంపెత్తన్నాదిరోయ్!"

కానిస్టేబుళ్లని విదిలించుకుని ఒక్క దూకు దూకాడు. నన్నే దొరకబుచ్చుకున్నాడు. రెండు కొసలూ పట్టుకుని వెనక్కి బిగించాడు. ఏళ్ల తరబడి ఆ పిల్ల మెడ మీద పడుకున్నదాన్ని, అదే మెడకి ఉరినయ్యాను. గొంతు గరగర నా ఒంటికి తెలుస్తోంది. ఆమె కళ్లు తేలిపోతున్నాయి. సూది పట్టుకున్న చెయ్యి మాత్రం కదల్లేదు.

పైడితల్లి ఒక చెయ్యి మొగుడి నాడి మీంచి తియ్యకుండానే వంగి, బావగారైన దేముడి మణికట్టుని పళ్లతో పట్టుకుంది. ఎముక తగిలేదాకా కొరికింది. దేముడు గావుకేక పెట్టి గుంజాడు. ఆ గుంజుడుకి నేను నడిమికి తెగిపోయాను.

"మా తమ్ముడు పొడిసి సంపుతన్నాడు, ఈవిడ పొడిసి బతికిత్తన్నాది. తేడా కానరాదా నీకు?" నోటినిండా నెత్తురుతో అరిచింది పైడితల్లి. "నిలబడు! కదిలితే నీ పీక కొరికేత్తాను!"

సిరంజీలోకి నల్లటి నెత్తురు వచ్చింది. రెండు పెద్ద స్పూన్లంత ఉంటుందేమో, ఎక్కువ లేదు. వినడానికి నేను లేను, ముక్కలై గచ్చు మీదున్నాను. గదంతా పైడితల్లి వేళ్ల వైపు చూస్తోంది.

"వచ్చినాది," అంది మెల్లిగా. ఆ వెంటనే అరిచింది, "వచ్చినాది డాక్టరమ్మా! ఊపిరి పీల్చినా పోతన్నేదు!"

మెడ మీది నరం అణిగింది. నూకరాజు కళ్లు తెరిచి, అన్నని చూసి, "ఏటన్నా ఈ గోల" అన్నాడు. దేముడు గాజుముక్కల మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. డాక్టరమ్మ మెడ చుట్టూ ఎర్రగా నా గుర్తు. చాలా రోజులుంది ఆ గుర్తు. నూకరాజుకి పెద్దాసుపత్రిలో గుండె కుట్టారు.

నన్ను మాత్రం పోలీసులు గుడ్డసంచీలో వేసి, లక్క అంటించి, కోర్టు సామాన్ల గదిలో పడేశారు. పక్క సంచీలో ఎవరనుకున్నారు? ఆ ఐసు చువ్వే. రెండేళ్లు పక్కపక్కనే ఉన్నాం. తుప్పు పట్టిపోయింది, పాపం.

ఒకరోజు మమ్మల్ని తీసి బల్ల మీద పరిచారు. సాక్షి బోనులో నూకరాజు. వెనక బెంచీ మీద తాతీలు, దేముడు, ఇద్దరూ ఒకే పొట్లంలోంచి వేరుశనగలు తింటున్నారు. ఎప్పుడో కలిసిపోయారట.

"ఈ చువ్వ ఎవరిది? దగ్గరికొచ్చి చూసి చెప్పు," అన్నాడు సర్కారు లాయరు.

నూకరాజు దిగి వచ్చి బల్ల మీదికి వంగాడు. వంగినవాడి రొమ్ము నేరుగా నా బిళ్ల మీద ఆనింది.

"ఎరగనండి," అన్నాడు. "జారి పడ్డాను."

ఆ మాట అంటున్నప్పుడు అతని గుండె దడదడ కొట్టుకుంది. లబ్ డబ్, లబ్ డబ్, పడవ ఇంజనంత గట్టిగా, ఏ అడ్డూ లేకుండా. అబద్ధమాడే గుండె అంత ఆరోగ్యంగా కొట్టుకోవడం నేనెప్పుడూ వినలేదు. లాయరు మొహం చిట్లించి ఏదో రాసుకున్నాడు. నాకు చెప్పాలని ఎంత అనిపించిందో! గొట్టం తెగిపోయినదాన్ని, ఎవరి చెవిలో చెప్పను? నేనొక్కదాన్నే విన్నాను.